పంజరం మేడం గారు

మొన్న ముమ్మిడివరంలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర నాకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు ఆవిడ గురించి వాదించుకున్నారు. ఇద్దరూ అమలాపురంలో మా డిగ్రీ కాలేజీలో చదువుకున్నవాళ్ళే.

"చివర్లో పాపం ఆవిడకి మతి పోయిందండీ. అరుగు మీద ఎవరూ లేకపోయినా పాఠం చెప్పేవారంట" అన్నాడు ఎడమ పక్కన కూర్చున్నతను. అతనిప్పుడు బ్యాంకులో పని చేస్తున్నాడు.

"మతి పోయినవాళ్ళు అంత సరిగ్గా ఎలా చెప్తారండీ?" అంది కుడి పక్కన కూర్చున్నామె. ఆమె కొత్తపేటలో కెమిస్ట్రీ చెబుతుంది. "నేనూ ఒకసారి చూడ్డానికి వెళ్ళి అరుగు చివర నిలబడి విన్నాను. ఒక్క తప్పు లేదు."

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. "మీరు ఆఖరిదాకా వెళ్తూ ఉండేవారు కదండీ, మీరు చెప్పండి."

నేను పెరుగన్నం కలుపుకుంటూ "ఏమోనండీ" అన్నాను. తప్పించుకోవడానికి అన్న మాట కాదు. నాకు నిజంగానే తెలియదు. ఇంటికి వచ్చి పడుకున్నాక కూడా తేలలేదు. అందుకే గుర్తున్నంతవరకూ రాస్తున్నాను. రాస్తుంటే ఏమన్నా తేలుతుందేమో.

ఆవిడని మేమందరం వెనకాల పంజరం మేడం అనేవాళ్ళం. తొంభైల మొదట్లో నేను డిగ్రీ చదివేటప్పటికే ఆ పేరు స్థిరపడిపోయింది. ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పేవారు. సిలబస్‌లో ఒక మూల, రెండు పేజీలకి మించని చోట, పంజరాల్లా ఉండే హైడ్రోకార్బన్లు ఉండేవి. కార్బన్ పరమాణువులు ఒకదానికొకటి తగులుకుని, లోపల ఖాళీ ఉన్న పెట్టెలాగానో బుట్టలాగానో తయారవుతాయి. మిగతా లెక్చరర్లు ఆ రెండు పేజీలని ఒక గంటలో దాటించేసేవారు. ఈవిడకి నెల చాలేది కాదు.

చిన్న మనిషి. నేత చీర, భుజానికి గుడ్డ సంచి. ఆ సంచిలో కొబ్బరి ఈనెలు, సైకిలు వాల్వు ట్యూబు, ఒక పాత బ్లేడు ఉండేవి. ట్యూబుని చిన్న చిన్న ముక్కలు కోసి, కూడలికి కావలసినట్టు కుట్టి, వాటిలో ఈనెలు గుచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూనే ఒక పంజరం కట్టేసేవారు. గడియార స్తంభం దగ్గర సైకిలు షాపతను, లెక్చరరమ్మ గజాల లెక్కన వాల్వు ట్యూబు ఎందుకు కొంటున్నారో అర్థంకాక, ఒకరోజు ఉండబట్టలేక "మీకెన్ని సైకిళ్ళున్నాయండీ?" అని అడిగాడట. "ఒక్కటీ లేదండి. నాకు తొక్కడం రాదు" అన్నారట ఈవిడ. అతనికి ఇంకా అయోమయం.

వాళ్ళ అక్కగారు మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఇద్దరూ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. కాలవ గట్టు మీద పెంకుటింట్లో ఉండేవారు. "మా ఇంట్లో చీపురు నిలవదమ్మా. పొద్దున్న కొన్న కట్ట సాయంత్రానికి ఈవిడ గారి పంజరాల్లోకి పోతుంది. నేను దేంతో ఊడవను?" అని అక్కగారు వచ్చినవాళ్ళందరికీ ఫిర్యాదు చేసేవారు.

మేడం గారికి పేర్ల పట్టింపు ఉండేది. ఘనంలాగా ఎనిమిది మూలలున్న దాన్ని క్యూబేన్ అంటారు. దానికి కాడ పెట్టినట్టు ఉండేది బాస్కెటేన్. ఇవన్నీ శాస్త్రవేత్తలు సరదాకి పెట్టుకున్న ముద్దుపేర్లని ఆవిడ చెప్పేవారు. పరీక్షలో పేరు రాయమంటే నా స్నేహితురాలు క్యూబేన్ అని రాసి ఊరుకుంది. సగం మార్కులు వేశారు. అది ఏడుపు మొహంతో వెళ్ళి, "పుస్తకంలో ఉన్న పేరే కదండీ" అంటే, ఆవిడ ఏమీ విసుక్కోకుండా చెప్పారు.

"ఉంది. కాదన్లేదు. కానీ ఆ పేరు ఎప్పుడూ ఘనం చూడని మనిషికి చెప్పు. కట్టగలడా? అసలు పేరు చెప్పు, చూడకపోయినా కట్టేస్తాడు. పేరంటే అలా ఉండాలమ్మా. చదివితే ఆ వస్తువు మళ్ళీ తయారవాలి."

ఆ అసలు పేరు పెంటాసైక్లో అని మొదలై, మధ్యలో బోలెడు అంకెలతో, ఆక్టేన్ అని ముగుస్తుంది. అది ఎలా పెట్టాలో చెప్పేటప్పుడు ఆవిడ బోర్డు దగ్గర నుంచి కిందికి దిగి వచ్చేసేవారు. "అమలాపురంలో బయల్దేరేరు. ఒకసారి వెళ్ళిన ఊరికి మళ్ళీ వెళ్ళకూడదు. ఎక్కువ ఊళ్ళు కలుపుకుంటూ తిరిగి అమలాపురం రావాలి. అది మొదటి చుట్టు. ఆ చుట్టులోకి రాని దారులుంటాయి చూడండి, అవి వంతెనలు. వాటి మీద కార్బన్లు ఎంతమంది నిలబడ్డారో రాయాలి." ఘనంలో మాత్రం ఒక్క చుట్టులోనే ఎనిమిది మూలలూ వచ్చేస్తాయి. మిగిలిన నాలుగు వంతెనల మీదా నిలబడడానికి ఎవరూ ఉండరు. అన్నిటికీ సున్నా అని రాయాలి.

రాజోలు నుంచి వచ్చే కుర్రాడొకడు లేచి, "మీద ఎవరూ లేకపోతే రాయడం ఎందుకండీ?" అన్నాడు.

"మీద ఎవరూ లేరు. వంతెన ఉంది. రాయకపోతే పంజరం విడిపోతుంది" అన్నారు ఆవిడ. వాడు కూర్చున్నాడు. వాడికి అర్థమైందో లేదో తెలీదు. నాకు అవలేదు. ఆవిడ చెబుతుంటే అంతా తెలిసినట్టే ఉండేది. గంట కొట్టి ఆవిడ వెళ్ళిపోగానే చేతిలోంచి ఇసక జారినట్టు పోయేది.

నా వైవా రోజున ఆవిడ నన్ను కళ్ళు మూసుకోమన్నారు. చేతిలో ఒక పంజరం పెట్టారు. "తడిమి చెప్పు, ఏంటిది?"

నేను కుడి చేత్తో పట్టుకుని ఎడమ చేత్తో తడిమాను. మూలలు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. నమ్మకంగా ఘనం పేరు అంకెలతో సహా చెప్పాను. వారమంతా బట్టీ పట్టిన పేరది.

"కళ్ళు తెరు."

తెరిచి చూస్తే అది బాస్కెటేన్. కాడ ఉన్నది. ఆ కాడ పట్టుకునే నేను మిగతాదంతా తడిమాను.

"దేన్ని పట్టుకున్నావో దాన్ని లెక్కలో వెయ్యలేదు" అన్నారు. నవ్వలేదు, కోప్పడలేదు. తర్వాత మార్కులు చూసుకుంటే పూర్తిగా వేసి ఉన్నాయి. ఎందుకు వేశారో అడిగితే, "పేరు తప్పలేదు కదా. నీ చేతిలో ఉన్నది వేరే" అన్నారు. ఇప్పటికీ అది మెచ్చుకోలో మందలింపో నాకు తెలియదు.

కొన్నేళ్ళకి నేను అదే కాలేజీలో, అదే డిపార్ట్‌మెంటులో ఉద్యోగంలో చేరాను. ఆవిడ గదిలోనే నా కుర్చీ. అప్పుడు చూశాను, ఈనె ట్యూబులోకి గుచ్చబోతే పక్కకి పోతోంది. కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు ఏదో గింజని నలుపుతున్నట్టు వాటంతటవే కదులుతున్నాయి. ఆవిడ ఆ చేతిని సంచి కింద పెట్టుకునేవారు. బోర్డు మీద రాత చీమల బారులా చిన్నదైపోయింది. వెనక బెంచీల వాళ్ళు కనబడట్లేదండీ అంటే, "ముందుకొచ్చి కూర్చోండి, చోటుంది" అనేవారు.

అక్కగారు ఊరుకోలేదు. నన్ను తోడు తీసుకుని ఆవిడని కాకినాడ డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. పార్కిన్సన్ అన్నాడాయన. మందులు రాస్తూ వాటిలో ఒకదాని పేరు పైకి చదివాడు: అమాంటాడిన్.

మేడం గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. "ఏంటండీ అన్నారు?"

ఆయన మళ్ళీ చెప్పాడు.

"అడమాంటేన్ కదండీ అది? పది కార్బన్లు. ట్రైసైక్లో డెకేన్. వజ్రంలోంచి చిన్న పలుకు తీసినట్టుంటుంది. ఒక మూల హైడ్రోజన్ తీసేసి అమైన్ తగిలించినట్టున్నారు."

డాక్టరు గారు కలం ఆపి అక్కగారి వైపు, తర్వాత నా వైపు చూశాడు. "మేడం గారు కెమిస్ట్రీ అండి" అన్నాను.

"ఇది వణుకుకి ఎలా పనిచేస్తుందండీ?" అని అడిగారావిడ.

"సరిగ్గా ఎవరికీ తెలీదండి. ఫ్లూ జ్వరానికని చేసిన మందిది. వాడుతుంటే వణుకు కూడా తగ్గడం కనిపెట్టేరు."

ఆవిడ నిరాశపడ్డారు.  తిరుగుప్రయాణంలో యానాం వంతెన దాటాక అన్నారు: "ఇన్నేళ్ళు దాన్ని బోర్డు మీద గీసేను. ఎన్ని మూలలో, ఏ మూల నంబరెంతో అన్నీ తెలుసు నాకు. లోపలికెళ్ళి ఏం చేస్తుందో తెలీదు. చూసేవా ఎలాగుందో?"

మందు పనిచేసింది. బాగా పనిచేసింది. నడక తేలికైంది. వేళ్ళు మాట విన్నాయి. ఇరవై కార్బన్ల బంతిలాంటి పంజరం ఒకటుంది, అన్నీ అయిదు మూలల గడులే. అంతకుముందు చేతులు బాగున్న రోజుల్లో కూడా కట్టలేకపోయానని చెప్పేవారు. అది ఆ వేసవిలో కట్టారు. కట్టి, వాకిట్లో దణ్ణెం తీగకి వేలాడదీశారు. పక్కింటివాళ్ళు అది నక్షత్రం అనుకుని, క్రిస్మస్ ఇంకా ఆరు నెలలుంది కదా అన్నారు. అక్కగారు కొత్త చీపురు కట్ట తనే కొని తెచ్చిచ్చారు. నేను చూసిన రోజుల్లో ఆవిడ అంత సంతోషంగా ఉన్నది అప్పుడే. ఆ ఏడే రిటైరయ్యారు కూడా.

వానాకాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. గేటు తీయబోతుంటే పాఠం వినిపించింది. ట్యూషన్ పెట్టారు కాబోలు, మంచిదే అనుకున్నాను. అడమాంటేన్‌కి పేరు పెట్టడం చెబుతున్నారు.

"పదిమందీ ఒక్క చుట్టులో రారు. తిప్పి చూడండి, రారు. ఎనిమిది మందే వస్తారు. పెద్ద వంతెన రెండు కొసల్లో ఇద్దరు, వాళ్ళకి అటు ముగ్గురు, ఇటు ముగ్గురు. మిగిలినవాళ్ళు ఇద్దరు. ఒకడు పెద్ద వంతెన మీద నిలబడ్డాడు. రెండోవాడు రెండో వంతెన మీద. అంచేత ఏవన్నాను? మూడు, మూడు, ఒకటి, ఒకటి."

అంత తేటగా ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు. గేటు దగ్గర నిలబడే మొత్తం విన్నాను. విద్యార్థినిగా ఉన్నప్పుడు ఇసకలా జారిపోయిందంతా ఆ రోజు చేతిలో నిలిచింది. పాఠం ఆగాక అరుగు వైపు వచ్చాను. అరుగు మీద ఆవిడ తప్ప ఎవరూ లేరు.

"కూర్చో. వీళ్ళు వెళ్ళేక మాట్లాడుకుందాం. పాపం వానలో తడిసి వచ్చేరు" అన్నారు.

మెట్టు మీద కూర్చున్నాను.  లోపలికి వెళ్ళి అక్కగారిని పిలవాలా, ఇక్కడే కూర్చోవాలా తెలియలేదు. ఆవిడ కాసేపు అరుగు మీద ఎవరివంకో చూసి, ఎవరికో తలూపి, నా వైపు తిరిగారు.

"నీకు కనపడుతున్నారా?"

"లేదండీ."

"నేనూ అనుకుంటూనే ఉన్నాను." గొంతులో భయం లేదు. ల్యాబులో అనుమానం వచ్చిన ద్రావణం గురించి మాట్లాడుతున్నట్టే ఉంది. "వీళ్ళని పరీక్ష పెట్టి చూసేను. నాకు వచ్చింది అడిగితే టక్కున చెబుతున్నారు. నాకు రానిది అడిగితే తలొంచుకుంటున్నారు. ఒక్కరూ చెప్పలేదు. నాకు తెలిసినంతే వచ్చమ్మా వీళ్ళకి."

"మరైతే..."

"ఉండు." నన్ను పరీక్షగా చూశారు. "నువ్వూ కనపడుతున్నావు. నువ్వు ఉన్నట్టేనా? నాకు తెలీనిది ఏదైనా ఒకటి చెప్పు."

 ఆవిడకి తెలీనిది నా దగ్గర ఏముంటుంది? మా వీధి కబుర్లు అక్కగారి ద్వారా ఆవిడకి ఎప్పుడో చేరిపోయి ఉంటాయి. కాలేజీ సంగతులన్నీ నేనే చెప్పేశాను. ఆవిడ మాత్రం నా మొహంలోకే చూస్తూ ఎదురుచూస్తున్నారు. జవాబు రాకపోతే నేను కూడా ఆ పిల్లల్లో కలిసిపోతానని అర్థమైంది.

"కాలేజీలో మిమ్మల్ని వెనకాల పంజరం మేడం అంటారండీ" అనేశాను.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. "ఎప్పట్నించి?"

"నేను చేరకముందు నుంచేనండి."

"అందరూనా?"

"ఆయ్. ప్రిన్సిపాల్ గారితో సహా."

కొంచెంసేపు పెదవులు కదిపారు, ఆ పేరు పలికి చూసుకుంటున్నట్టు. తర్వాత చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకున్నారు. "అయితే నువ్వు ఉన్నావు" అన్నారు. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆవిడకి కాదు, నాకు.

తర్వాత జరిగింది మామూలుగానే జరిగింది. అక్కగారు మొదట పాస్టరు గారిని పిలిచారు. "ప్రార్థన చెయ్యండి, వద్దనను. వాళ్ళని వెళ్ళగొట్టమని మాత్రం అడక్కండి, చిన్నపిల్లలు" అన్నారట మేడం గారు. పాస్టరు గారు ఏమని ప్రార్థించాలో తెలీక చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నారని అక్కగారు చెప్పారు. ఆ తర్వాత కాకినాడ వెళ్ళాం. కొందరికి ఆ మందుతో ఇలా లేనివాళ్ళు కనబడతారని, మానేస్తే పోతుందని డాక్టరు గారు అన్నాడు. నెమ్మదిగా తగ్గించి మానిపించాడు.

పిల్లలు రావడం మానేశారు. మాట పూర్తిగా నిలకడైంది. ఒంట్లోకి మాత్రం బిగుతు వచ్చింది. అన్నం ముద్ద అక్కగారు పెట్టాల్సి వచ్చింది. కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. నేను ఆదివారాలు వెళ్ళి పక్కన కూర్చుంటే, ఆవిడ నోటితో అంకెలు చెప్పేవారు, నేను ఈనెలు గుచ్చేదాన్ని. "అయిదు నుంచి పద్దెనిమిదికి సున్నా వంతెన. అది కాదు, దాని పక్కది." ఒక్క అంకె తప్పేవారు కాదు. కట్టింది చేతిలో పెడితే పట్టుకోలేక ఒళ్ళోకి జారిపోయేది. అక్కగారు ఒకసారి నన్ను వంటింట్లోకి పిలిచి, "మందేస్తే మనసు నిలవదు. మానితే మనిషి నిలవదు. నువ్వూ ఆ చదువే కదా, ఏది మంచిదో చెప్పవే" అన్నారు. ఆరోజూ "ఏమోనండీ" అనే అన్నాను.

చివరికి మేడం గారే తేల్చారు. ఒక ఆదివారం నన్ను, అక్కగారిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, మాట తొణక్కుండా చెప్పారు: "ఆ క్యాప్సూల్ మళ్ళీ కావాలి నాకు. డాక్టరు గారికి ఫోన్ చెయ్యండి. తెలిసే అడుగుతున్నాను."

"చేతుల కోసమా అండీ?" అని అడిగాను.

ఆవిడ నా వంక చూశారు.  వినబడలేదేమోనని మళ్ళీ అడగబోతే అక్కగారు నా మోచెయ్యి పట్టుకుని ఆపారు.

డాక్టరు గారు చాలాసేపు మాట్లాడి, మీ ఇష్టం అండి, రోజుకి ఒక్కటే, అన్నాడు. ఆవిడ మళ్ళీ లేచి నడిచారు. కానీ ఈనెలు ముట్టుకోలేదు. సంచి మేకుకే ఉండిపోయింది. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని పాఠం చెప్పేవారు. చేతుల కోసమే అడిగి ఉంటే ఎందుకు కట్టలేదు? పిల్లల కోసమే అయితే, వాళ్ళు లేరని తనే పరీక్ష పెట్టి తేల్చిన మనిషి మళ్ళీ వాళ్ళనెందుకు రమ్మంటుంది? నేను ఎటు తిప్పి చూసినా ఏదో ఒక మూల మిగిలిపోతోంది. మరుసటి ఏడు ఎండలు తగ్గకముందే ఆవిడ నిద్రలో పోయారు.

సమాధుల దొడ్డి నుంచి వచ్చాక, చుట్టాలంతా వెళ్ళిపోయాక, అక్కగారు, నేను అరుగు మీద కూర్చున్నాం. ఆవిడ ఏడవలేదు. ఉద్యోగంలో చాలా మరణాలు చూసిన మనిషి. తనే మొదలుపెట్టారు.

"పోయే ముందు వారం ఒకనాడు నన్ను పిలిచింది. అక్కా, నువ్వూ వచ్చి కూర్చో అంది. అన్నేళ్ళలో నన్నెప్పుడూ పాఠానికి పిలవలేదమ్మా. నర్సుద్యోగం చేసినదాన్ని, నాకేం తెలుస్తుందని నేనూ వెళ్ళలేదు. సరే, పీట పట్టుకుని వచ్చేను. వెయ్యబోతూ ఆగిపోయేను. అక్కడెవరన్నా ఉన్నారేమో, నేనెళ్ళి మీద కూర్చుంటానేమో అని. ఎక్కడ కూర్చోనే అనడిగేను. అరుగంతా ఒకసారి చూసింది. అక్కడే కూర్చో, వాళ్ళు జరిగేరు అంది."

"కూర్చున్నారా అండీ?"

"కూర్చున్నాను. పాఠం అయ్యేదాకా కూర్చున్నాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు." అక్కగారు ఖాళీ అరుగు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచారు. "కానీ ఇరుగ్గా ఉందమ్మా" అన్నారు. "కాళ్ళు చాపుకోడానికి లేకపోయింది."